నేల తేమను కొలవడానికి చిన్న ఉపగ్రహాలు సరిపోతాయా?

ప్రశ్న (జలశాస్త్ర విద్యార్థిని)

నేను నేల తేమపై ప్రాజెక్టు చేస్తున్నాను. 2015 జనవరిలో ప్రయోగించిన, నేల తేమను కొలిచే నాసా ఉపగ్రహం స్మాప్ ఒక ప్రాంతాన్ని రెండు మూడు రోజులకొకసారి మాత్రమే చూస్తుంది. వాన వెలిసిన కొన్ని గంటల్లోనే పైమట్టి ఆరడం మొదలవుతుంది కనుక ఆ మార్పు లెక్కకు అందడం లేదు. అలాంటి పెద్ద ఉపగ్రహానికి బదులు క్యూబ్‌శాట్‌లను, అంటే చిన్న పెట్టెలంతటి ఉపగ్రహాలను పదుల సంఖ్యలో పంపితే సరిపోదా? వాటి కొలతలను వాతావరణ మార్పుల అధ్యయనానికి నమ్మవచ్చా?

సమాధానం (యాంటెన్నాల ఇంజనీరు)

అసలు చిక్కు యాంటెన్నాతోనే వస్తుంది. మొక్కల ఆకులను దాటుకొని మట్టిలోని తేమను పసిగట్టాలంటే దాదాపు 21 సెంటీమీటర్ల పొడవున్న తరంగాలు కావాలి. తరంగం ఎంత పొడవైనదైతే, స్పష్టంగా చూడడానికి యాంటెన్నా అంత వెడల్పుగా ఉండాలి. స్మాప్‌కు 6 మీటర్ల యాంటెన్నా ఉన్నా, అది నేలపై విడిగా గుర్తించగలిగేది సుమారు 40 కిలోమీటర్ల మేరను మాత్రమే. అదే ఎత్తు నుంచి ఒక మీటరు యాంటెన్నాతో చూస్తే ఆ మేర 240 కిలోమీటర్లకు పెరిగి, పొలమూ చెరువూ అడవీ ఒకే అంకెలో కలిసిపోతాయి. ఉపగ్రహాల సంఖ్య పెంచినంత మాత్రాన ఈ మసక తొలగదు.

వాన విషయంలో ఇంత ఇబ్బంది లేదు, ఎందుకంటే అక్కడ మిల్లీమీటర్ల తరంగాలు చాలు. 2018లో అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రం నుంచి వదిలిన రెయిన్‌క్యూబ్ అనే క్యూబ్‌శాట్, అర మీటరు యాంటెన్నాను గొడుగులా విప్పుకొని రాడార్‌తో వానను కొలిచింది.

సమాధానం (వరదల పటాలు తయారుచేసే వ్యక్తి)

పై వివరణ సరైనదే గాని, ఆ ఇబ్బందిని పక్కదారిన దాటిన ఉపాయం ఒకటుంది. 2016 డిసెంబరులో ఒకే రాకెట్‌పై వెళ్లిన ఎనిమిది సిగ్‌నస్ ఉపగ్రహాలు ఒక్కొక్కటి 30 కిలోల లోపే ఉంటాయి. అవి తమంతట తాము ఏ సంకేతాన్నీ పంపవు. జీపీఎస్ సంకేతాలు భూమిని తాకి ఎగసివచ్చే ప్రతిఫలనాన్ని అందుకుంటాయి. తుఫాను గాలులను కొలవడానికి తయారైన ఈ ఉపగ్రహాలు, తడినేల పొడినేల కన్నా బలంగా ప్రతిఫలిస్తుంది కనుక, నేల తేమకూ చెట్ల కింద నిలిచిన వరదనీటికీ పనికొచ్చాయి. నాకు ఎంతో ఇష్టమైన విషయమిది.

అయితే ఇవి సుమారు 38 డిగ్రీల ఉత్తర, దక్షిణ అక్షాంశాల మధ్యనే చూస్తాయి, కొలతలు చెదురుమదురు బిందువులుగా వస్తాయి. పైగా నేల గరుకుదనం, పచ్చదనం ప్రతిఫలనాన్ని మార్చేస్తాయి. అందుకే వాటి నేల తేమ అంకెలను స్మాప్ కొలతలతో సరిచూసి నిర్ణయించారు. అంటే చిన్నవాటికి పెద్దదే కొలబద్ద.

ప్రశ్న అడిగినవారు

ధన్యవాదాలు. మరి పదేళ్లు, ఇరవై ఏళ్ల ధోరణుల సంగతి?

సమాధానం (కొలతల క్రమాంకనంలో, అంటే పరికరాల అంకెలను సరిచూసే పనిలో ఉన్న వ్యక్తి)

అక్కడ పరికరం బరువు కన్నా దాని నిలకడ ముఖ్యం. చిన్న ఉపగ్రహం ఎండలోకి, నీడలోకి వెళ్లినప్పుడల్లా త్వరగా వేడెక్కి చల్లబడుతుంది. ఆ తేడా కొలతల్లో కలిస్తే అది వాతావరణ ధోరణిలాగే కనిపించవచ్చు. అయినా 2018 నాటి టెంపెస్ట్-డి అనే క్యూబ్‌శాట్, చల్లని అంతరిక్షాన్నీ ఉష్ణోగ్రత తెలిసిన ఒక లక్ష్యాన్నీ పదేపదే చూస్తూ తన కొలతలను సరిచేసుకుని, పెద్ద పరికరాలతో చక్కగా సరితూగింది.

ఆయుష్షు తక్కువ కావడమే నన్ను ఎక్కువగా కలవరపెడుతుంది. పాత ఉపగ్రహం పనిచేస్తుండగానే కొత్తది చేరి, కొంతకాలం రెండూ ఒకే చోటును చూడకపోతే, వాటి అంకెలను అతకడం కష్టం. భూగర్భ జలాల లోటును చూపిన గ్రేస్ ఉపగ్రహాల పని 2017లో ముగిసి, దాని వారసుడు 2018 మేలో గాని ఎగరలేదు; ఆ ఖాళీ ఇప్పటికీ పరిశోధకులకు తలనొప్పే. మీ ప్రాజెక్టులో స్మాప్‌ను ఆధారంగా పెట్టుకుని, అది చూడని మధ్య సమయాలకు సిగ్‌నస్‌ను వాడండి. రెండింటినీ నేలలో పాతిన తేమమాపకాలతో విడివిడిగా సరిచూడండి.