పని బాగా వచ్చినోళ్ళకి నేర్పడం ఎందుకు రాదబ్బా?

అలిపిరి_మెట్లు:
నెల నుంచి ఆదివారాలు కాళహస్తికి పోయి కలంకారీ నేర్చుకుంటాండా. గురువుగారిది 40 ఏళ్ళ చెయ్యి, గీత గీస్తే చూస్తా ఉండిపోవాల్సిందే, కానీ నేర్పమంటే మాత్రం "ఇట్ట లాగు, అంతే" అంటాడు. నేను లాగితే మచ్చ. రెండేళ్ళ కిందట చేరిన కుర్రోడు పక్కన కూర్చుని, కలానికి చుట్టిన ఉన్ని ముంచినాక ముందు గిన్నె అంచుకు ఒత్తన్నా, ఎక్కువైంది పోతాది, తర్వాత వేళ్ళతో మెల్లిగా పిండు అన్నాడు. మచ్చ పడలా! గుడ్డ కత కూడా అంతే. గురువుగారు కరక్కాయ పొడి పాలల్లో కలిపి గుడ్డ నానబెట్టమన్నాడు, నేను ఇంట్లో ప్యాకెట్ పాలకి నీళ్ళు పోసి నానబెట్టినా, రంగు మొత్తం పాకేసింది. పాలంటే చిక్కటి ఎనుము పాలని ఎవురు చెప్పినారు నాకు? నేనేమంటానంటే, కొత్తోళ్ళకి మాస్టర్ల కన్నా రెండేళ్ళ సీనియరే మేలు.

ఘాట్‌రోడ్డు_బిడ్డ:
మా నాయన కొండ మీద బస్సు తోలినోడు. నాకు కరకంబాడి రోడ్డులో కారు నేర్పతా "క్లచ్ మెల్లిగా వదులు" అని ఒకటే అరుపు, ఎంత మెల్లిగానో చెప్పడు. దిగుడులో ఏ గేర్లో ఉండాల నాయనా అంటే గాల్లో చెయ్యి ఆడించి చూసుకుని అప్పుడు "రెండు" అన్నాడు. తెలిసింది చేతికి గదా, నోటికి కాదు. సరే నువ్వే తోల్తా ఏం చేస్తాండావో పైకి చెప్పు అన్నా, రెండు నిమిషాల్లో ఇంజన్ ఆపేసినాడు 😂 ఇంకా నా మీదే కోపం.

పలమనేరు_పిల్లోడు:
దీని మీద ఒక ప్రయోగమే ఉంది. 1990లో స్టాన్‌ఫర్డ్‌లో ఎలిజబెత్ న్యూటన్ అనే ఆమె చేసింది, కొందరు అందరికీ తెలిసిన పాటల్ని బల్ల మీద వేళ్ళతో తట్టాల, విన్నోళ్ళు ఏ పాటో చెప్పాల. తట్టినోళ్ళు సగం పాటలన్నా కనిపెడతారులే అనుకున్నారు, 120 పాటల్లో కనిపెట్టింది 3. తట్టేవాడికి మనసులో పాట మోగతా ఉంటాది, ఎదుటోడికి టకటక శబ్దమే. నాకు తెలిసినంక, తెలియనప్పుడు ఎట్టుండేదో గుర్తు తెచ్చుకోవడం కుదరదు, గురువుగారిని తిట్టి లాభం లేదన్నా.

పాతబస్టాండు_పెద్దాయన:
అందరూ ఆ కుర్రోడిని నెత్తికెత్తుకుంటాండారు. కసిం, అదే నల్ల గీతలకి వాడే ఇనుప నీళ్ళు, దాంతో గీసిన గీత మొదట లేతగా కనపడతాది, ఏందిది అని ఆ కుర్రోడే ఇంకోసారి గీయమన్నా అంటాడు, గీత లావైపోతాది. గుడ్డకి పట్టిన కరక్కాయ, కసింలో ఇనుము కలిసి అదే నల్లబడతాదని తెలిసినోడు ఊరికే ఉండమంటాడు. చిట్కా ఎవురైనా చెప్తారు నాయనా, ఎందుకు అనేదానికి గురువు దగ్గరికే రావాల. మా కాలంలో అడిగేది లేదు, చూసి పట్టుకోవడమే.

ఘాట్‌రోడ్డు_బిడ్డ:
చూసి పట్టుకోలేక మానేసినోళ్ళు ఎంతమందో మీకెట్ట తెలుస్తుంది పెదనాయనా, వాళ్ళు ఇక్కడికొచ్చి రాయరు గదా.

పాతబస్టాండు_పెద్దాయన:
అదీ నిజమేలే. కానీ అడగనిదే చెప్పలేదంటే ఎట్ట?

అలిపిరి_మెట్లు:
ఏం అడగాలో తెలిస్తే నేను కొత్తోడిని ఎందుకవతాను సామీ! రెండోసారి గీసేది మాత్రం నిజమే, పోయిన వారం ఆ కుర్రోడు చెప్తే నేను చేసినా, గీత తాడంత అయ్యింది, పాపం వాడికీ తెల్దు. అందుకే నిన్న గురువుగారి ముందర నోట్‌బుక్ పెట్టుకుని కూర్చున్నా. ఏ పాలు, ఎన్ని, ఎంతసేపు అని అడిగితే "అది గూడా చెప్పాల్నా" అని నవ్వినాడు, నవ్వతానే అన్నీ చెప్పినాడు. కసిం కూడా రాసుకొచ్చినా, పాత ఇనుప ముక్కలు, బెల్లం, నీళ్ళు కుండలో వేసి మూడు వారాలు.

పాతబస్టాండు_పెద్దాయన:
ఏ బెల్లం? చెరుకుదా, తాటిదా?

అలిపిరి_మెట్లు:
...అడగలా.