పెదనాన్నగారి రిటైర్మెంట్‌కి సన్మాన పత్రం: తహసీల్దారు గురించి అసలేం రాయాలి?

సీతమ్మధార అమ్మాయి:

అందరికీ నమస్కారం. మా పెదనాన్నగారు ఈ నెలాఖరుకి తహసీల్దారుగా రిటైరవుతున్నారు. సర్వీసంతా ఉమ్మడి విశాఖ జిల్లాలోనే. గ్రూప్-4 రాసి జూనియర్ అసిస్టెంట్‌గా మన్యంలో చేరారు. తర్వాత సీనియర్ అసిస్టెంట్, ఆర్‌ఐ (రెవెన్యూ ఇన్‌స్పెక్టర్), డీటీ (డిప్యూటీ తహసీల్దారు), చివరికి తహసీల్దారు. ఆఫీసువాళ్లు వాళ్ల ఫంక్షన్ వాళ్లు పెట్టుకుంటున్నారు. ఇంటి తరఫున మేం విడిగా భోజనాలు పెడుతున్నాం. తెలుగు కాస్త రాస్తాను కదా అని సన్మాన పత్రం నా నెత్తిన పెట్టారు.

ఆయన ఇంట్లో ఆఫీసు మాట ఎత్తరు. అడిగితే "ఏముందమ్మా, సంతకాలు పెట్టాను, తిట్లు తిన్నాను" అని టీవీ సౌండ్ పెంచుతారు. పాత సన్మాన పత్రాలు కొన్ని తిరగేశాను. అన్నిట్లోనూ అకుంఠిత దీక్ష, పేదల పెన్నిధి, మచ్చలేని మహామనీషి. పేరు మారిస్తే ఎవరికైనా అతికిపోతాయి. టీచరైతే పిల్లల గురించి రాస్తాం, డాక్టరైతే రోగుల గురించి రాస్తాం. తహసీల్దారు అనగానే జనానికి గుర్తొచ్చేది లంచం, కాదంటే కుల ధ్రువీకరణ పత్రం. రెవెన్యూలో పనిచేసినవాళ్లు ఎవరైనా ఉంటే కాస్త చెప్పండి, ప్లీజ్.

గాజువాక కుర్రాడు:

మా మావయ్యది ఏఐతో రాయించాం, అయిదు నిమిషాల్లో అయిపోయింది. ఫ్రేము కట్టించడానికే ఎక్కువ టైం పట్టింది. చదువుతున్నంతసేపూ అందరి కళ్లూ బిర్యానీ మీదే. ఎక్కువ టెన్షన్ పడకండి అక్కా.

ఆనందపురం రైతుబిడ్డ:

మీ పెదనాన్నగారి గురించి అనడం లేదు, ఏమీ అనుకోకండి. ఒక మండల ఆఫీసు చుట్టూ మా అమ్మ చెప్పులరిగేలా తిరిగింది. నాన్న పోయాక పొలం అమ్మ పేరుకి మార్చాలి. వెళ్లిన ప్రతిసారీ "సర్వర్ డౌన్", "సార్ ప్రోటోకాల్‌కి వెళ్లారు", "సోమవారం రండి". ఏం తక్కువైందో ఒక్కడూ చెప్పడు. తహసీల్దార్ల ప్రజాసేవ అంటే నాకు గుర్తొచ్చేది ఆ వరండాలో బల్ల మీద కూర్చున్న మా అమ్మే. పత్రంలో అది కూడా రాస్తారా?

పాత ఫిర్కా:

అమ్మా, నేనూ ఆ డిపార్ట్‌మెంటే. డీటీగా దిగిపోయాను, తహసీల్దారు ప్యానెల్లో నా పేరు వచ్చేలోపు రిటైర్మెంట్ వయసు వచ్చేసింది. కాబట్టి ఇది కుర్చీకి అవతల నిలబడి సార్లని చూసినవాడి మాట అనుకో.

ముందు పదవుల జాబితా మొదటి పేరాలోంచి తీసెయ్. ఆఫీసువాళ్ల పత్రంలో అది ఎలాగూ ఉంటుంది. మీ పెదనాన్నగారు ఉద్యోగంలో చేరేనాటికి ఏం జరుగుతోందో తెలుసుకో. 1984లో కరణం, మునసబు పదవులు రద్దయ్యాయి. 1985లో తాలూకాలు పోయి మండలాలు వచ్చాయి. ఏ పొలం చెక్క ఎవరిదో నోటి లెక్కన చెప్పే కరణం ఊళ్లో లేకుండా పోయాడు. తాలూకా కచేరీలో ఉన్న రికార్డునంతా మూటలు కట్టి కొత్త మండలాలకి పంచారు. చాలాచోట్ల ఆఫీసు అద్దె ఇంట్లోనే. కొత్తగా చేరిన జూనియర్ అసిస్టెంటుకి అప్పగించే పని ఆ మూటలు విప్పి, ఏ గ్రామానిది ఏదో వేరు చేసి, చెదలు తిన్నదెంతో, మిగిలిందెంతో రాసుకోవడం. నేను చేశాను. మీ పెదనాన్నగారూ చేసే ఉంటారు. అడిగి చూడు, టీవీ సౌండ్ తగ్గిస్తారు.

మన జిల్లాకి ఇంకో చిక్కుంది. విజయనగరం వగైరా జమీందార్ల కింద ఉండిన ఊళ్లు ఇక్కడ ఎక్కువ. 1948 ఎస్టేట్ల రద్దు చట్టం తర్వాత సర్వే, సెటిల్‌మెంటు జరిగి ఆ ఊళ్లకి తయారైన భూముల పుస్తకం సెటిల్‌మెంట్ ఫెయిర్ అడంగల్, ఏది ఏ రకం భూమో, ఎవరిదో అందులో ఉంటుంది. మేం ఎస్‌ఎఫ్‌ఏ అంటాం. తగాదా ఎక్కడ మొదలైనా చివరికి ఆ పుస్తకం తెరవాల్సిందే. అందులో గెడ్డ, అంటే వాగు, అని ఉంటే గెడ్డే. ఇప్పుడక్కడ నీళ్లు పారకపోయినా, గజం రేటు ఎంత పలికినా. పెద్ద పెద్ద కార్లు మండలాఫీసు ముందు ఆగేది ఆ ఒక్క కాలమ్ కోసమే. దిద్దుబాటు న్యాయంగా జరిగితే కొట్టేసిన చోట పొట్టి సంతకం, తేదీ, ఏ ఆర్డరు ప్రకారం దిద్దారో ఆ నంబరు ఉంటాయి. దొంగ దిద్దుబాటులో సిరా రంగు మారుతుంది, పొట్టి సంతకం ఉండదు, పక్క పేజీ మాత్రం శుభ్రంగా ఉంటుంది. 2017లో మన జిల్లా భూరికార్డుల తారుమారు మీద ప్రభుత్వం సిట్ వేసింది కదా, అప్పుడు పేపర్లనిండా ఈ గొడవే. ఆ రోజుల్లో రెవెన్యూవాడు అని చెబితే ఆటోవాడు కూడా అదోలా చూసేవాడు. అన్నీ అబద్ధాలని నేను అనను, మాలో దొంగలు ఉన్నారు. కానీ దిద్దమంటే దిద్దనివాళ్లూ ఉన్నారు. వాళ్ల మీద సిట్ వెయ్యరు, వాళ్ల పేరు పేపర్లో రాదు.

ఇక ఎవరూ రాయని పని ఒకటుంది. పెళ్లయిన ఏడేళ్లలోపు ఆడపిల్ల అనుమానాస్పదంగా చనిపోతే శవ పంచనామాకి తహసీల్దారు వెళ్తాడు. ఆయన ఎగ్జిక్యూటివ్ మేజిస్ట్రేట్ కూడా. నేను ఆర్‌ఐగా ఉన్నప్పుడు ఒక సారుతో కేజీహెచ్ (కింగ్ జార్జ్ ఆసుపత్రి) మార్చురీకి చాలాసార్లు వెళ్లాను, ఆయన చెప్తుంటే నేను రాసేవాణ్ణి. ఒంటి మీద బట్టలు ఏవి, రంగేమిటి. మెళ్లో పుస్తెలతాడు ఉందా, కాళ్లకి మెట్టెలు ఉన్నాయా. గాయం ఎక్కడ, ఎన్ని అంగుళాలు. తర్వాత బయట చెట్టు కింద తల్లిని కూర్చోబెట్టి అడగాలి, అమ్మాయి ఆఖరిసారి ఎప్పుడు ఫోన్ చేసింది, ఏమంది అని. ఆ తల్లి చెప్పదు, ఏడుస్తుంది. ఆగాలి. లోపల వాసనకి మేమంతా ముక్కుకి జేబురుమాలు కట్టుకునేవాళ్లం, ఆ సారు కట్టుకునేవారు కాదు. ఎందుకు సార్ అంటే, "కన్నవాళ్లు గుమ్మంలోంచి చూస్తున్నారయ్యా" అన్నారు. ఆయన రిటైరైనప్పుడు చదివిన సన్మాన పత్రంలో మార్చురీ మాటే లేదు. కలెక్టరుగారి చేతుల మీదుగా ఆగస్టు 15న అందుకున్న ప్రశంసాపత్రం మాత్రం ఉంది.

మిగతావి నీకు తెలిసినవే. ఎన్నికలు, సింహాచలం చందనోత్సవం డ్యూటీ, ఎయిర్‌పోర్టులో వీఐపీల కోసం పడిగాపులు. విశాఖలో ప్రోటోకాల్ ఒక పెద్ద జబ్బు, దాని గురించి రాస్తే పుస్తకం అవుతుంది, వదిలెయ్. హుద్‌హుద్ తుపాను గురించి మాత్రం ఒక పేరా రాయి. 2014 అక్టోబర్ 12, ఆదివారం. ఆ రోజు నుంచే కరెంటు లేదు, ఫోన్లు లేవు. రేషన్ పంపిణీ కంటే కష్టమైంది నష్టం జాబితా. కూలిన ఇంటికో కాలమ్, ఎగిరిన రేకుకో కాలమ్, పోయిన వలకీ పడవకీ ఇంకోటి. పక్కింటివాడి పేరుండి తన పేరు లేనివాడు చొక్కా పట్టుకుంటాడు. ఆ జాబితా కింద సంతకం తహసీల్దారుదే. మీ పెదనాన్నగారు అప్పుడు ఎక్కడున్నారో, ఇంటికి ఎప్పుడొచ్చారో మీ పెద్దమ్మని అడుగు. ఆవిడకి గుర్తుంటుంది.

చివరిగా ఒక్క సలహా. రికార్డు మూటల సంగతి తప్ప మిగతావి ఆయన్ని అడగకు, జీపు డ్రైవర్ని అడుగు. తర్వాత అటెండర్ని, మండల సర్వేయర్ని. సారు ఎవరిని నిలబెట్టి మాట్లాడేవారో, ఎవరికి కుర్చీ వెయ్యమనేవారో వాళ్లకే తెలుసు.

రైతుబిడ్డ బాబూ, నువ్వు చెప్పింది నిజం. మీ అమ్మగారి పని చివరికి ఏమైంది?

ఆనందపురం రైతుబిడ్డ:

అయింది మాస్టారూ. అది కూడా చెప్పాలి న్యాయంగా. కొత్తగా ఒక లేడీ తహసీల్దారు వచ్చారు. అర్జీ తిరస్కరిస్తూ కాగితం ఇచ్చారు. ఇంటిల్లిపాదీ తిట్టుకున్నాం. తర్వాత చదివితే కారణం రాసి ఉంది. మా నాయనమ్మ బతికే ఉంది, కొడుకు ఆస్తిలో తల్లి కూడా వారసురాలే, ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్ కోసం పెట్టిన అర్జీలో ఆవిడ పేరు లేదు. అర్జీ రాసిన బ్రోకరు వదిలేశాడు. అంతకుముందు రేపు రా, మాపు రా అన్నవాళ్లు ఎవరూ ఆ ముక్క చెప్పలేదు. నాయనమ్మ పేరు చేర్చి మళ్లీ పెట్టాం. నాయనమ్మ ఆఫీసుకి వచ్చి అందరి ముందూ తన వాటా కోడలికే అని వేలిముద్ర వేసింది. మేడమ్ కుర్చీలోంచి లేచి బల్ల ఇటు పక్కకి వచ్చి ఆవిడతో మాట్లాడారు. నాయనమ్మ ఇప్పటికీ వీధిలో అందరికీ ఆ సంగతే చెప్తుంది, పొలం సంగతి కంటే.

పాత ఫిర్కా:

చూశావా, నీ వరండా కథలోనే సీతమ్మధార అమ్మాయికి కావాల్సింది దొరికింది. మేడమ్ ఇచ్చిన ఆ తిరస్కరణ కాగితాన్నే ఎండార్స్‌మెంట్ అంటాం. కుదరదు అని కాగితం మీద కారణంతో రాసి సంతకం పెట్టాడంటే తన మీదికి తెచ్చుకున్నట్టే. దాన్ని పట్టుకుని నువ్వు ఆర్డీవో దగ్గర అప్పీలు వేసుకోవచ్చు, పైన జాయింట్ కలెక్టర్ దగ్గరికి వెళ్లొచ్చు, సారుని బోనెక్కించొచ్చు. అందుకే తెలివైనవాడు రాయడు, సర్వర్ డౌన్ అంటాడు. అమ్మా, మీ పెదనాన్నగారు రాసిచ్చేవారా, తిప్పేవారా? డ్రైవర్ని అడిగే ప్రశ్నల్లో ఇది కూడా చేర్చు.

సీతమ్మధార అమ్మాయి:

ఫిర్కా గారూ, మీకు ఎలా థాంక్స్ చెప్పాలో తెలీడం లేదు. డ్రైవర్ అంకుల్ ఇంటికి వెళ్లాను, పెందుర్తిలో ఉంటారు. మార్చురీ అనగానే ఆయన మొహం మారిపోయింది. పంచనామా అయ్యాక ఆ అమ్మాయి అమ్మానాన్నల్ని మన జీపులో ఆర్టీసీ కాంప్లెక్స్ దాకా దింపి రమ్మనేవారట, టిఫిన్ పెట్టించి బస్సెక్కించమని డబ్బులు కూడా ఇచ్చేవారట. పెదనాన్నగారు ఆటోలో ఇంటికి వచ్చేవారు. ఆటోలో వచ్చిన రోజు నేరుగా పెరట్లోకి వెళ్లి స్నానం చేసేవారని పెద్దమ్మ చెప్పింది. ఎందుకో ఆవిడకీ ఇన్నాళ్లూ తెలీదు.

రాసిచ్చేవారా అంటే, అంకుల్ నవ్వి, "అదే కదమ్మా గొడవంతా" అన్నారు. ఇక్కడే ఒక ధర్మసందేహం. ఒక గెడ్డ పోరంబోకు విషయంలో కుదరదని రాసిచ్చినందుకు వేరే ఏదో సాకుతో ఆయనకి ఛార్జ్ మెమో ఇచ్చారట. ఆ ఎంక్వయిరీ ఏళ్ల తరబడి నడిచి, ప్రమోషన్ ఆగి, జూనియర్లు పైకి వెళ్లాక చివరికి అభియోగాలు రుజువు కాలేదని మూసేశారట. మా నాన్న అది పత్రంలో అస్సలు వద్దంటున్నాడు, శుభమా అని ఫంక్షన్ చేసుకుంటూ అదెందుకని. నాకు మాత్రం అది లేకపోతే మిగతాదంతా ఉత్తదే అనిపిస్తోంది. రాయనా, వద్దా?

గాజువాక కుర్రాడు:

అక్కా, ఆటో సంగతి మాత్రం తప్పకుండా రాయండి. నేను ఏఐ అన్నమాట వెనక్కి తీసుకున్నా.

పాత ఫిర్కా:

ఛార్జ్ మెమో సంగతి మీ నాన్నా కాదు, నువ్వూ కాదు, ఆయన తేల్చాలి. రాసింది ముందుగా ఆయనకి చూపించు. సరేనంటే ఒక్క వాక్యం చాలు: మెమో వచ్చింది, ప్రమోషన్ ఆగింది, రుజువు కాలేదని మూసేశారు. ఆ గెడ్డ ఏ ఊరిదో, ఎవరు అడిగారో వద్దు. నిందితుల పేర్లు చదవడానికి అది కోర్టు కాదు. వచ్చేవాళ్లలో సగం మంది రెవెన్యూవాళ్లే ఉంటారు కదా, వాళ్లకి ఆ సంగతి ఎప్పటి నుంచో తెలుసు, ఇంటివాళ్లకి తెలుసా లేదా అని చూస్తారంతే. వద్దంటే కొట్టెయ్, మారు మాట్లాడకు.

మార్చురీ, ఆటో మాత్రం ఆయన వద్దన్నా ఉంచు. నా మాటగా చెప్పు.

మొత్తం రెండు పేజీలు దాటనివ్వకు. భోజనాలకి ముందే చదివెయ్, గాజువాక బాబు చెప్పింది నిజమే.

పత్రం కంటే అర్జెంటు సంగతి ఇంకోటుంది. పెన్షన్ ప్రతిపాదనలు ఏజీ (అకౌంటెంట్ జనరల్) ఆఫీసుకి వెళ్లాయో లేదో కనుక్కోమను. పనిచేసిన ప్రతిచోట నుంచీ నో డ్యూ సర్టిఫికెట్ తెచ్చుకున్నారా? ఎన్నికలకీ తుపాన్లకీ ఆయన పేరు మీద ముందుగా డబ్బు డ్రా చేసిన ఏసీ బిల్లులన్నిటికీ, ఖర్చు లెక్కలు చూపించే డీసీ బిల్లులు వెళ్లాయా? ఒక పాత ఏసీ బిల్లుకి లెక్క అందలేదని నా గ్రాట్యుటీ చాలాకాలం ఆపారు. ఓచర్లన్నీ పెట్టానని మొత్తుకున్నా వినలేదు, చివరికి ఒక బీరువా వెనక దొరికాయి. మీ పెదనాన్నగారు సంతకాలు పెట్టాను, తిట్లు తిన్నాను అనే రకం, వీటి సంగతి తనంతట తాను చూసుకోరు. కుర్చీలో ఉండగా ఫోన్ చేస్తే పని అవుతుంది, దిగాక వరండాలో కూర్చోవాలి. ఈ వారంలోనే మీ నాన్నని తీసుకుని వెళ్లు.