ఎన్‌టీఎస్‌సీ టేపును పాల్ డీవీడీగా మారిస్తే కదలికలు కుదుపుగా వస్తున్నాయి, సాయం చేయగలరా?

నమస్కారమండీ. మా అక్క 2004లో న్యూజెర్సీలో వాళ్ల పాప బారసాలను మినీడీవీ క్యామ్‌కార్డర్‌తో తీసింది. ఆ టేపును ఫైర్‌వైర్ కేబుల్‌తో కంప్యూటర్‌లోకి ఎక్కించాను. తెనాలిలో అమ్మ దగ్గర పాత పిక్చర్ ట్యూబ్ టీవీ, డీవీడీ ప్లేయర్ ఉన్నాయి. ఫోన్‌లో చూపిస్తే కళ్లు లాగుతున్నాయంటుంది. అమెరికా టీవీ పద్ధతి అయిన ఎన్‌టీఎస్‌సీలోనే డిస్క్ రాసిస్తే ఆ టీవీలో బొమ్మ నలుపు తెలుపులో వచ్చింది.

అందుకే మన దేశపు టీవీ పద్ధతి అయిన పాల్‌లోకి మార్చాను. సైజు 720×480 నుంచి 720×576కి, ఫ్రేములు 29.97 నుంచి 25కి. సెకనుకు ఐదు ఫ్రేములు ఎగిరిపోయినట్టున్నాయి. నాన్నగారు ఉయ్యాల ఊపే చోట అది ఆగి ఆగి కదులుతోంది, ఆయన చేతి అంచుల్లో దువ్వెన పళ్లలా గీతలు. నాన్నగారు ఇప్పుడు లేరు. ఆయన ఉన్న వీడియో మా దగ్గర ఇదొక్కటే.

ఇంటర్‌లేస్డ్ వీడియో (ఒక్కో ఫ్రేము సరి, బేసి గీతల రెండు ఫీల్డులుగా ఉండేది) ఎత్తును నేరుగా సాగదీయడమే నా పొరపాటు అనుకుంటున్నాను. ఈసారి ఎవిసింత్ అనే వీడియో స్క్రిప్ట్ ప్రోగ్రాంలో క్యూటీజీఎంసీ అనే ఫిల్టర్‌తో సెకనుకు 59.94 పూర్తి ఫ్రేములుగా విడదీసి, సైజు పెంచి, 50కి తగ్గించి, మళ్లీ ఇంటర్‌లేస్ చేద్దామని ఉంది. ఈ వరుస సరైనదేనా? 50కి దించేటప్పుడు ఫ్రేములు వదిలేయడం మేలా, బ్లెండ్ చేయడం (పక్క ఫ్రేములను కలిపేయడం) మేలా? డీవీలో కింది ఫీల్డు ముందు ఉంటుంది కదా, డీవీడీకి కావలసిన ఎంపెగ్-2 వీడియోగా మార్చేటప్పుడు అలాగే ఉంచవచ్చా, పై ఫీల్డును ముందుకు తేవాలా? నిడివి మారదు కాబట్టి ఆడియో జోలికి వెళ్లడం లేదు.

ఇలాంటి పని చేసినవాళ్లు మీ స్క్రిప్ట్ పెడితే ఎంతో మేలు చేసినవారవుతారు. వచ్చే నెల నాన్నగారి సంవత్సరీకం, ఆలోపు అమ్మకు డిస్క్ అందించాలి.