బ్రయాన్ మే పేరు ఆయన స్వార్జితమా, క్వీన్ బృందం పంచి ఇచ్చినదా?

ఓరుగల్లు శ్రోత (చర్చ ప్రారంభించినవారు):

పోయిన ఆదివారం రాత్రి హన్మకొండలో మిత్రుడి ఇంటి డాబా మీద కూర్చుని బ్రిటన్ రాక్ బృందం క్వీన్ పాటలు వింటుండగా మొదలైన వాదన తెల్లవారుజాము దాకా సాగినా తెగలేదు, అందుకే ఇక్కడ పెడుతున్నాను. ఆ బృందపు గిటారిస్టు బ్రయాన్ మేకు ప్రపంచమంతటా వచ్చిన పేరు ఆయన వేళ్లు సంపాదించినదా, లేక ఫ్రెడ్డీ మెర్క్యురీ వంటి గాయకుడి పక్కన నిలబడినందుకు దక్కినదా అన్నది ప్రశ్న. మిత్రుడిది రెండో పక్షం. నాది మొదటిది.

మే చేతిలోని గిటార్ కొన్నది కాదు. 1963లో, పదహారేళ్ల వయసులో, మంచి కంపెనీ గిటార్ కొనే స్తోమత ఇంట్లో లేక, ఎలక్ట్రానిక్స్ తెలిసిన తండ్రి హెరాల్డ్‌తో కలిసి తానే చేయడం మొదలుపెట్టాడు. పూర్తి కావడానికి దాదాపు రెండేళ్లు పట్టింది. మెడకు వాడిన మహాగని ఒక పాత ఇంటి చలిమంట గూటి చట్రంలోది, దానికి వందేళ్లు పైబడ్డాయి. పురుగు తొలిచిన రంధ్రాలను అగ్గిపుల్లలతో పూడ్చారు. స్వరాన్ని వణికించే మీట సైకిల్ సీటు వెనక సంచీ తగిలించే కడ్డీ, దాని కొసకు అమ్మ స్వెటర్లు అల్లే సూది ముక్క, లోపల పాత మోటారు సైకిల్ వాల్వు స్ప్రింగులు. తీగల కదలికను విద్యుత్ సంకేతంగా మార్చే మూడు పికప్‌లకూ విడివిడిగా రెండేసి స్విచ్చులు పెట్టాడు: ఒకటి పనిచేయించడానికీ ఆపడానికీ, రెండోది ఫేజ్, అంటే ఆ సంకేతపు దిశ, తిప్పడానికి. అప్పట్లో అంగట్లో దొరికే గిటార్లలో అన్ని కలయికలు కుదిరేవి కావు. ప్లాస్టిక్ పిక్‌కు బదులు అంచుకు గాట్లున్న ఆరు పెన్నీల నాణెంతో వాయిస్తాడు. మెర్క్యురీతో కలిసి బృందం కట్టింది 1970లో. అంటే రెండు స్వరాలు వినగానే ‘ఇది మే’ అనిపించే ఆ గొంతుక బృందం పుట్టక ముందే తయారై ఉంది.

ఇక 1974 సంగతి. మాట్ ది హూపుల్ బృందానికి ముందు వాయిస్తూ అమెరికా యాత్రలో ఉండగా మేకు కామెర్లు వచ్చి యాత్ర సగంలోనే ఆగింది. ఆ వెంటనే పేగు పుండు. మిగతా ముగ్గురు ‘షీర్ హార్ట్ అటాక్’ ఆల్బమ్ పని మొదలుపెట్టి, ఆయన గిటార్ రావలసిన చోట్లను ఖాళీగా వదిలి, ఆయన కోలుకుని వచ్చే దాకా ఎదురుచూశారు. ఇంకెవరినో పిలిచి వాయించుకోలేదు. ఆ ఖాళీలు మరొకరు పూడ్చగలిగేవి కావని వాళ్లకు తెలుసు. మేకు పేరు ఎక్కడి నుంచి వచ్చిందన్నదానికి ఇంతకన్నా సాక్ష్యం ఏం కావాలి?

కాజీపేట జంక్షన్:

శ్రోత గారూ, మీరు చెప్పినవన్నీ నిజమే, కాని అవి ఆయన గొప్ప వాద్యకారుడని మాత్రమే నిరూపిస్తాయి. ప్రతిభ వేరు, పేరు వేరు. మీ మిత్రుడు అడిగింది పేరు గురించి.

1968లో మే, డ్రమ్మర్ రోజర్ టేలర్, గాయకుడు టిమ్ స్టాఫెల్ కలిసి ‘స్మైల్’ అనే బృందం నడిపారు. అదే గిటార్, అదే నాణెం, అవే వేళ్లు. రెండేళ్లలో ఏం జరిగింది? లండన్ కాలేజీలు దాటి ఎవరికీ తెలియకుండానే స్టాఫెల్ వెళ్లిపోయాడు, బృందం ముగిసింది. అప్పటి దాకా వాళ్ల వెంట తిరుగుతూ మీరు ఇలా చేయాలి, అలా కనిపించాలి అని చెబుతూ వచ్చిన ఫారూఖ్ బుల్సారా అనే కుర్రవాడు గాయకుడిగా వచ్చి, బృందానికి క్వీన్ అని పేరు పెట్టి, దాని చిహ్నాన్ని కూడా తానే గీసి, తన పేరును ఫ్రెడ్డీ మెర్క్యురీగా మార్చుకున్నాడు. జాంజిబార్‌లో పుట్టిన పార్శీ కుటుంబపు పిల్లవాడు, మన పంచగని బడిలో పియానో నేర్చుకున్నవాడు.

ఇంకొకటి చూడండి. 1973లో వచ్చిన విడిగా అమ్మిన వాళ్ల తొలి పాట (సింగిల్) ‘కీప్ యువర్‌సెల్ఫ్ అలైవ్’ రాసింది మే. అది అమ్మకాల చార్టులకే ఎక్కలేదు. మొదటిసారి బ్రిటన్‌లో పది లోపు స్థానం తెచ్చిన ‘సెవెన్ సీస్ ఆఫ్ రై’ ఫ్రెడ్డీ పాట. అదే ఏడాది, 1974లో, రెండో స్థానానికి చేరిన ‘కిల్లర్ క్వీన్’ ఫ్రెడ్డీ పాట. 1975 చివర తొమ్మిది వారాలు మొదటి స్థానంలో నిలిచిన ‘బొహీమియన్ రాప్సడీ’ ఫ్రెడ్డీ పాట. ఆ పాట చివర తలలూపించే బరువైన గిటార్ రిఫ్, పదేపదే తిరిగి వచ్చే వరుస, ఉంది చూశారా, అది కూడా ఫ్రెడ్డీ కట్టినదేనని మే స్వయంగా చాలాసార్లు ఒప్పుకున్నాడు.

నేను ఇక్కడి ఇంజనీరింగ్ కాలేజీ, అప్పటి ఆర్‌ఈసీ, హాస్టల్‌లో ఉండగా 1991 నవంబరులో ఫ్రెడ్డీ మరణవార్త వచ్చింది. ఆ రాత్రి మా గది టేప్ రికార్డర్ దగ్గర పదిహేను మందిమి చేరాము. అందరమూ గొంతు కలిపి పాడాము. పాట ఆగి గిటార్ ఒక్కటే ముందుకొచ్చే సోలో వచ్చినప్పుడు మాత్రం మాట్లాడుకున్నాము. ఈ మాట చెప్పడానికి నాకు బాధగానే ఉంది, కాని జరిగింది అదే.

టేకు చెక్క:

నాణెం గురించి ఒక మాట. నేను పరకాల దగ్గర మా తాతల నాటి ఇల్లు కూల్చినప్పుడు మిగిలిన టేకు ద్వారబంధంతో గిటార్ చేశాను. మే గిటార్ కథ చదివిన పిచ్చితోనే చేశాను. పాత టేకులో నూనె గుణం ఉంటుంది కాబట్టి జిగురు పట్టక మెడ అతుకు మూడుసార్లు ఊడింది, నాలుగోసారి అతికే చోట నూనె తుడిచి, గరుకు కాగితంతో గీరిన తర్వాతే నిలిచింది.

అంచుకు గాట్లున్న పాత నాణెం ఒకటి వెతికి దానితో వాయించి చూశాను. ప్లాస్టిక్ పిక్ తీగకు తగిలితే కొంచెం వంగుతుంది, ఆ మెత్తదనం స్వరంలోకి వస్తుంది. నాణెం వంగదు. నిలువుగా తగిలిస్తే స్వరం గాజుపలక మీద గోరులా ఉంటుంది. కాస్త ఏటవాలుగా పట్టుకుంటే గాట్లు ఒక్కొక్కటే తీగను గీరుకుంటూ పోతాయి, స్వరానికి ముందు ‘గ్ర’ అనే చిన్న హల్లు వినిపిస్తుంది. ఆ హల్లు వినిపించిన క్షణాన ఒళ్లు జలదరించింది. గిటార్ స్వరం అచ్చులాంటిది. దాని ముందు హల్లు చేరితే మాటలా వినిపిస్తుంది. కాజీపేట అన్నా, మీ హాస్టల్ గదిలో సోలో వచ్చినప్పుడు మాట్లాడుకున్నామన్నారు, ఈసారి నిశ్శబ్దంగా ఉండి ఆ హల్లు కోసం వినండి.

డోలు దెబ్బ:

మన జిల్లాల్లో ఒగ్గు కథ విన్నవాళ్లకు ఈ వాదన కొత్తది కాదు. జనగామ ప్రాంతపు చుక్క సత్తయ్య గారి పేరు దేశమంతా తెలుసు. ఆయన వెనక డోలు వాయించినవాళ్ల పేర్లు ఊరివాళ్లకు, తోటి కళాకారులకు తప్ప తెలియవు. ఆ డోలు ఆగితే కథకుడి అడుగు ఆగుతుంది, అయినా పేరు ముందు నిలబడినవాడిదే. బృందకళలో పేరు పంపకం ఎప్పుడూ న్యాయంగా జరగదు. మే విషయంలో విశేషం ఏమిటంటే, వెనక నిలబడవలసిన ఆ డోలు దెబ్బను ఆయన ముందుకు తెచ్చాడు.

1977 నాటి ‘వి విల్ రాక్ యు’ మే రాసినది. బ్రిటన్‌లో ఒక కచేరీ ముగిశాక జనం తమంతట తామే గొంతెత్తి పాడటం విని, కిక్కిరిసి నిలబడి కదలలేని జనం చేయగలిగింది ఏమిటని ఆలోచించాడు. కాళ్లు నేలకు తట్టగలరు, చప్పట్లు కొట్టగలరు. అంతే పాట. పూర్వం చర్చిగా ఉన్న ఒక స్టూడియోలో చెక్కబల్లల మీద అందరూ కలిసి తొక్కుతూ, ఆ చప్పుడును మళ్లీ మళ్లీ ఒకదాని మీద ఒకటి చేర్చి, పెద్ద జనసమూహం తొక్కినట్టు వినిపించేలా చేశారు. అందులో డ్రమ్ములు లేవు. గిటారిస్టు రాసిన పాటలో చివరి భాగం దాకా గిటార్ కూడా రాదు. సమ్మక్క సారలమ్మ జాతరలో జంపన్నవాగు నుంచి గద్దెల దాకా నడిచినవాళ్లకు ఆ వరుస అర్థం కావడానికి ఇంగ్లీషు అక్కరలేదు: రెండు అడుగులు, ఒక చప్పట్లు. ఫ్రెడ్డీ దాన్ని పాడాడు, నిజమే, కాని జనం ఫ్రెడ్డీ కంటే ముందే మొదలుపెడతారు. ఆ పాట పేరు ఎవరి ఖాతాలో వేద్దాం?

మానేరు తీరం:

కరీంనగర్‌లో పిల్లలకు వీణ చెబుతాను, గిటార్ నాకు రాదు. కాబట్టి చెవితో విన్నంత వరకే మాట్లాడతాను. శ్రోత గారూ, కాజీపేట గారూ, ఇద్దరూ పేరును ఒక మనిషి జేబులో నుంచి మరొకరి జేబులోకి మారుస్తున్నారు. జాన్ డీకన్ ఏమయ్యాడు?

1971లో బేస్ వాయించడానికి వచ్చిన డీకన్ ఎలక్ట్రానిక్స్ చదివిన విద్యార్థి. వీధిలో చెత్తలో పడేసిన ఒక సర్క్యూట్ దొరికితే ఇంటికి తెచ్చి, పాత స్పీకరు పెట్టెలో బిగించి, గిటార్ ధ్వనిని పెంచి వినిపించే, బ్యాటరీతో నడిచే చిన్న ఆంప్‌గా చేశాడు. అది మేకు దొరికాక ఆయన గిటార్ నుంచి వయొలిన్, క్లారినెట్ వంటి ధ్వనులు వచ్చాయి. 1975 నాటి ఆల్బమ్‌లో ‘గుడ్ కంపెనీ’ అనే మే పాట వినండి. పాతకాలపు జాజ్ మేళంలో వినిపించే క్లారినెట్, ట్రంపెట్, ట్రాంబోన్, అన్నీ గిటార్‌తో వాయించినవే, ఒక్కొక్క వాద్యాన్ని విడివిడిగా రికార్డు చేసి పేర్చినవే. నేను మొదటిసారి విన్నప్పుడు మన పెళ్లి ఊరేగింపుల్లోని బ్యాండు క్లారినెట్ అనుకుని, ఈ ఇంగ్లీషు పాటలోకి అది ఎలా వచ్చిందని వెనక్కి తిప్పి మళ్లీ విన్నాను. గిటార్ అని తెలిశాక ఆ పూట ఇంకే పనీ చేయలేకపోయాను. కృత్రిమంగా స్వరాలు పుట్టించే సింథసైజర్ వాడలేదని వాళ్లు ఆల్బమ్ అట్టల మీద అచ్చు వేసుకునేవారు, 1980 దాకా ఆ మాట నిలుపుకున్నారు.

ఆ ధ్వనికి చెక్క ఒక పాత ఇంటిది, ఆంప్ తోటివాడిది, పొరలుగా పేర్చే ఓపిక మేది, పేర్చడానికి కావలసిన స్టూడియో సమయం తెచ్చిపెట్టింది ఫ్రెడ్డీ పాటల అమ్మకం. కాజీపేట గారి లెక్కలో ఈ చివరిది ఒక్కటే ఉంది, శ్రోత గారి లెక్కలో మొదటిది ఒక్కటే.

కాజీపేట జంక్షన్:

మేడమ్, డీకన్ సంగతి ఒప్పుకుంటున్నాను. డోలు దెబ్బ గారి పాట కూడా మే ఖాతాలోనే వేస్తున్నాను. కాని ఒకటి మిగిలింది. ఫ్రెడ్డీ పోయాక కూడా మే, టేలర్ వేరే గాయకులతో కలిసి క్వీన్ పేరు మీదనే పెద్ద పెద్ద స్టేడియాల్లో కచేరీలు చేశారు. జనం వచ్చారు, నిజమే. ఎవరి కోసం వచ్చారు? తెర మీద ఫ్రెడ్డీ పాత బొమ్మ కనబడగానే లేచే కేకను వీడియోలలో విన్నాను. మే ఒంటరిగా సోలో వాయిస్తున్నప్పుడు ఆ స్థాయి కేక నాకు వినబడలేదు. 1985 జులై 13న వెంబ్లీలో లైవ్ ఎయిడ్ అనే విరాళాల కచేరీ వేదిక మీద ఆ ఇరవై నిమిషాల్లో ప్రపంచం చూసింది ఎవరిని? చేయి పైకెత్తితే డెబ్బై వేల మందికి పైగా చేతులెత్తించిన మనిషిని.

ఓరుగల్లు శ్రోత:

కాజీపేట గారూ, రిఫ్ ఫ్రెడ్డీదన్న మాట నాకు తెలియదు, ఆ పాట విషయంలో నేను డాబా మీద పొరపాటుగానే వాదించాను. ఇది మిత్రుడికి కూడా చెబుతాను. స్మైల్ గురించి మీరు అన్నది కూడా నన్ను కలవరపెట్టింది, దానికి నా దగ్గర పూర్తి జవాబు లేదు. ఒకటి మాత్రం గమనించండి: క్వీన్ తొలి ఆల్బమ్‌లో ఫ్రెడ్డీ ఉన్నాడు, అయినా 1973లో దాన్ని మొదట ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. స్టూడియో వేరెవరికీ అవసరం లేని అర్ధరాత్రి వేళల్లో వెళ్లి రికార్డు చేసుకున్న ఆల్బమ్ అది. ఫ్రెడ్డీ రాగానే వెలుగు వచ్చిందన్నది కూడా పూర్తి నిజం కాదు.

‘బొహీమియన్ రాప్సడీ’లో రిఫ్ ఫ్రెడ్డీది సరే, దానికి చాలా ముందు, నెమ్మదిగా సాగే భాగం ముగిసే చోట వచ్చే సోలో మేది. గాయకుడు పాడిన వరుసనే గిటార్‌తో మళ్లీ వాయించడం తనకు ఇష్టం లేక, అదే నడక మీద వేరే వరుస కట్టాడు. మన కచేరీలో పల్లవి అందుకున్న వయొలిన్ గాయకుణ్ణి అనుసరిస్తుంది. ఇక్కడ అనుసరించడం లేదు, గాయకుడు చెప్పకుండా వదిలేసిన మాట చెబుతోంది. టేకు చెక్క గారి మాట పట్టుకుని నిన్న రాత్రి నాణెం ధ్వని కోసం ఆ సోలో పదకొండుసార్లు విన్నాను. మొదటి స్వరం ముందు ఆ హల్లు ఉంది, తమ్ముడూ. ఇన్నేళ్లుగా వింటూ కూడా నేను దాన్ని వినలేదు.

వచ్చే ఆదివారం మళ్లీ అదే డాబా మీద కూర్చుంటున్నాము. కాజీపేట గారూ, మీ హాస్టల్ నాటి క్యాసెట్ ఇంకా ఉంటే తెండి, ప్లేయర్ నేను వెతికి ఉంచుతాను. మానేరు తీరం అక్క కూడా రాగలిగితే ‘గుడ్ కంపెనీ’ ఆమె పక్కన కూర్చుని వినాలని ఉంది. సోలో వచ్చినప్పుడు ఎవరూ మాట్లాడకూడదన్నది ఒక్కటే షరతు.