పాత కారు హెడ్‌లైట్ కనెక్టర్ మాడింది: టెర్మినళ్లు మార్చాలా, టంకం వేస్తే చాలా?

ప్రశ్న:
నా దగ్గరున్న 1960ల నాటి కారులో హెడ్‌లైట్లు మసకగా వెలుగుతున్నాయి. బల్బులు మార్చినా అంతే. స్విచ్చు వెనక కనెక్టర్ విప్పి చూస్తే రెండు టెర్మినళ్లు (తీగ కొసన ఉండే లోహపు ముక్కలు) నల్లబడి, చుట్టూ ప్లాస్టిక్ కొంచెం కరిగింది. హార్నెస్ (తీగల కట్ట) అంతా మార్చమని ఒకరు, టంకం పెట్టి సరిపెట్టమని ఇంకొకరు చెబుతున్నారు. సోల్డరింగ్ నాకు అలవాటే. ఏం చేయమంటారు?

మొదటి జవాబు:
రెండూ వద్దండీ. ముందు కొలవండి. లైట్లు వెలుగుతుండగా మల్టీమీటర్ మొన ఒకటి బ్యాటరీ ధ్రువానికి (బాడీకి కలపనిదానికి), రెండోది బల్బు వెనకున్న టెర్మినల్‌కు ఆనించండి. అర వోల్టు దాటితే దారిలో ఎక్కడో అతుకు చెడినట్టే. బల్బు ఎర్తుకూ (బాడీకి కలిపే తీగకూ) బ్యాటరీ రెండో ధ్రువానికీ మధ్య కూడా చూడండి. మసక వెలుగుకు తుప్పు పట్టిన ఎర్తు కారణమైన సందర్భాలు చాలా చూశాను.

60 వాట్ల బల్బులు రెండు వెలిగితే 12 వోల్టుల దగ్గర 10 ఆంపియర్లు పారుతాయి. అతుకులో 0.1 ఓమ్ నిరోధం ఉన్నా చాలు, ఒక వోల్టు అక్కడే హరించుకుపోయి 10 వాట్ల వేడి పుడుతుంది. అంటే కనెక్టర్ లోపల మీరు చిన్న సోల్డరింగ్ ఐరన్ ఒకటి పెట్టుకుని తిరుగుతున్నారన్న మాట! మాడక ఏం చేస్తుంది?

టెర్మినళ్లు మాత్రం మార్చాలి. మార్చేటప్పుడు మొదట బ్యాటరీ విప్పండి. ఆ కాలపు కార్లు కొన్నింటిలో పాజిటివే బాడీకి కలిపి ఉంటుంది కనుక గుర్తును నమ్ముకోకుండా, బాడీకి వెళ్లే కేబుల్ ఏదో చూసి దాన్నే ముందు తీయండి. కనెక్టర్‌ను అన్ని వైపులా ఫోటో తీసుకోండి. టెర్మినల్‌ను పట్టి ఉంచే చిన్న నాలుక ఒకటి ఉంటుంది. ముందు వైపు నుంచి సన్నని రేకుతో దాన్ని నొక్కితే టెర్మినల్ వెనక్కి వస్తుంది. తీగ పట్టుకుని లాగవద్దు. కరిగిన కనెక్టర్‌ను మళ్లీ వాడవద్దు.

అసలు పని రాగిలో ఉంది. కొస కత్తిరించి ఇన్సులేషన్ ఒలిచి చూడండి. పోగులు నల్లగానో, పచ్చని చిలుముతోనో కనిపిస్తే ఇంకాస్త కత్తిరించండి, మెరిసే రాగి వచ్చేదాకా. మురికి పోగుల మీద ఎంత మంచి క్రింపింగ్ (టెర్మినల్‌ను తీగ చుట్టూ నొక్కి బిగించడం) చేసినా వృథా. టెర్మినల్ తీగ మందానికి సరిపోయేదే ఉండాలి. దానికి రెండు జతల రెక్కలుంటాయి: ముందు జత రాగిని, వెనక జత ఇన్సులేషన్‌ను పట్టాలి. ఈ రెక్కలను లోపలికి ముడిచే దవడలున్న క్రింపింగ్ పనిముట్టే వాడండి. మామూలు పటకారుతో నొక్కితే చదునవుతుంది తప్ప బిగియదు. అయ్యాక గట్టిగా లాగి చూడండి. ఊడితే ఇప్పుడే ఊడాలి.

టంకం నాకు నచ్చదు. అది పోగుల మధ్యకు పాకి తీగను బిరుసు చేస్తుంది. ఆ బిరుసు ఆగినచోట అదురుకు తీగ తెగుతుంది.

ప్రశ్నించినవారు:
కొలిచాను, 1.4 వోల్టుల నష్టం. రెండు అంగుళాలు కత్తిరించాక మంచి రాగి దొరికింది కానీ తీగ ఇప్పుడు కనెక్టర్‌కు అందడం లేదు.

రెండో జవాబు:
అదే రంగు, అంతకు తక్కువ కాని మందం ఉన్న ముక్కను క్రింపింగ్ అతుకుతో కలిపి, లోపల జిగురుండే హీట్ ష్రింక్ (వేడి చేస్తే ముడుచుకునే) గొట్టం తొడగండి. రెండు తీగల అతుకులు పక్కపక్కన రానీయకండి, కట్ట ఉబ్బిపోతుంది. పనిలో పనిగా లైట్ల దగ్గర ఫ్యూజుతో రిలేలు (చిన్న కరెంటుతో పెద్ద కరెంటును నడిపే స్విచ్చులు) పెట్టించుకోండి. అప్పుడు భారమంతా బ్యాటరీ నుంచి వచ్చే కొత్త తీగ మోస్తుంది, స్విచ్చు మీదుగా ఒక ఆంపియర్ కన్నా తక్కువే పోతుంది. పాత స్విచ్చుకు ఆయుష్షు పోసినట్టే.

మొదటి జవాబు రాసినవారు:
రిలే మాటతో ఏకీభవిస్తాను. కానీ ముందు ఎర్తు బాగుచేయండి, లేకపోతే రిలే పెట్టినా మసకే.

ప్రశ్నించినవారు:
రిలేలు ఇంకా పెట్టలేదు. ఎర్తు గీకి శుభ్రం చేసి, టెర్మినళ్లు మార్చాక నష్టం 0.3కు దిగింది, వెలుగులో తేడా కంటికే తెలుస్తోంది. ఒక తీగకు మాత్రం రబ్బరు తొడుగు ఎక్కించడం మరచి టెర్మినల్ బిగించేశాను. మళ్లీ కత్తిరించాల్సి వచ్చింది!