‘ప్లట్టా’కు తెలుగులో ఒకే మాట చాలునా?

స్టాక్‌హోం అనువాదకుడు:
గృహనిర్మాణానికి చెందిన స్వీడిష్ పత్రాలను తెలుగు చేసేటప్పుడు ‘ప్లట్టా’ అనే మాట దగ్గర ప్రతిసారీ ఆగవలసి వస్తోంది. స్నానాల గది గోడకు అంటించే నున్నని టైలు ‘కాకెల్’, నేలకు వేసే, మరింత గట్టిగా కాల్చిన ‘క్లింకెర్’, తోటబాటలో పరిచే సిమెంటు బిళ్ల, ఇంటి అడుగున పోసే కాంక్రీటు, అన్నీ ప్లట్టాలే. అన్నింటికీ ‘పలక’ అనే రాద్దామని నా ప్రతిపాదన. ట్యాబ్లెట్‌ను స్వీడిష్‌లో ‘సుర్ఫ్‌ప్లట్టా’ అంటారు. మన బడిపిల్లల పలకకు అది ఎంత దగ్గరో చూడండి.

తాండూరు వాసి:
మాట ముచ్చటగానే ఉంది గానీ, పనిచోట నిలవదు. తాండూరు బండ, కడప బండ అంటాము. తాండూరు పలక అని ఎవరూ అనరు. మా నాన్నగారు బండ పరిచాక సుత్తి పిడితో నాలుగు మూలలా తట్టి చూసేవారు. ఎక్కడైనా బోలుగా మోగితే, ఎంత పొద్దుపోయినా సరే, దాన్ని లేపించి కింద మళ్లీ మాలు వేయించేవారు. ఆ పనివారికి అర్థం కాని మాట మనకెందుకండీ?

స్వీడన్‌లోని ఇంజినీరు:
అసలు చిక్కు ‘ప్లట్టా పో మార్క్’తో, అంటే నేరుగా నేలమీద పోసే కాంక్రీటుతో వస్తుంది. 1960, 70 దశకాల ఇళ్లలో చాలాచోట్ల చలిని ఆపే పొరను కాంక్రీటుకు పైన వేయడంతో, అడుగున చల్లగా ఉండిపోయిన కాంక్రీటులోకి మట్టి తేమ ఎక్కి, దాని మీది కొయ్యకు బూజు పట్టింది. తరువాతి కాలంలో ఆ పొరను కాంక్రీటు కిందికి మార్చారు. దీనిని ‘శ్లాబు’ అని రాస్తే మనవాళ్లు ఇంటి కప్పు కారుతోందనుకుంటారు, ఎందుకంటే మనకు శ్లాబు వేయడమంటే కప్పు వేయడమే. ‘పలకకు తేమ పట్టింది’ అంటే అసలే అర్థం కాదు. ‘నేల కాంక్రీటు’ అని విడమరచి రాయడమే మేలు.

స్టాక్‌హోం అనువాదకుడు:
కాంక్రీటు విషయంలో మీ మాటే సరి, నా ప్రతిని దిద్దుకుంటాను. కానీ తాండూరు వాసిగారూ, అచ్చుపోసిన సిమెంటు బిళ్లను బండ అనడానికి నాకు మనసొప్పదు. బండ అంటే రాయి. ఓలాండ్ ద్వీపపు సున్నపురాయి ప్లట్టా వచ్చినచోట మాత్రం తప్పక బండ అనే రాస్తాను, మీ తాండూరు రాయి కూడా సున్నపురాయే కదా.