డ్యూ పాయింట్‌ని తెలుగులో ఏమందాం?

ప్రశ్న:
ఫ్యాక్టరీల్లో వాడే కంప్రెస్డ్ ఎయిర్ డ్రయర్ (పీడనం పెంచిన గాలిలోంచి తేమ తీసే యంత్రం) మాన్యువల్‌ని తెలుగు చేస్తున్నాను. డ్యూ పాయింట్, అంటే గాలి చల్లబడుతూ పోగా అందులోని ఆవిరి నీరుగా మారడం మొదలయ్యే ఉష్ణోగ్రత, ఆ మాట దగ్గర ఆగిపోయాను. ఒకరు ‘మంచు బిందువు’ అన్నారు, ఇంకొకరు ‘తుషార బిందువు’ అన్నారు. ఏది రాయమంటారు?

జవాబు:
రోజంతా దీన్ని కొలిచే మీటర్లతోనే ఉంటాను కాబట్టి చెబుతున్నాను. రెండూ వద్దండి.

బిందువు అనగానే మనకి చుక్కే గుర్తొస్తుంది. ‘మంచు బిందువు మైనస్ 40’ అని చదివిన ఆపరేటర్‌కి గడ్డి మీది చుక్క కనిపిస్తుంది గానీ ఉష్ణోగ్రత కాదు. బళ్ళో ‘మరుగు స్థానం’ అని చదువుకున్నాం కదా, ఇక్కడా ‘స్థానం’ అంటేనే నయం.

అసలు పేచీ మంచుతోనే. లంబసింగిలో పొద్దున్నే కమ్ముకునేదీ మంచే, ఆకు మీద నిలిచేదీ మంచే, హిమాలయాల మీదున్నదీ మంచే. పోనీ సంస్కృతానికి వెళదామంటే అమరకోశం ‘అవశ్యాయస్తు నీహారస్తుషారస్తుహినం హిమమ్’ అని అన్నిటినీ ఒకే గాటన కట్టేసింది. పద్యం రాసేవాళ్ళకి అది వరమే. మీటరు చదివేవాడికి కుదరదు.

ఎందుకో చూడండి. ఈ పనిలో పెద్ద దిక్కు చిల్డ్ మిర్రర్ పరికరం. చిన్న అద్దం, దాని మీదుగా మెల్లగా పారే గ్యాస్, అద్దాన్ని చల్లబరిచే కరెంటు ఏర్పాటు. అద్దం మీద పడిన వెలుగు తిరిగి సెన్సర్ మీదికి వస్తుంది. చల్లబడుతూ పోగా ఒకచోట అద్దం మసకబారుతుంది, వెలుగు తగ్గుతుంది. ఆ మసక పెరగకుండా, తరగకుండా అద్దాన్ని ఆ చల్లదనం దగ్గరే నిలిపి ఉంచి, దాని వెనకున్న ప్లాటినం థర్మామీటర్ చూపించే అంకెను రాసుకుంటారు. 1845 ప్రాంతంలో ఫ్రాన్స్ శాస్త్రవేత్త రెన్యో వెండి గొట్టంలో ఈథర్‌ని ఆవిరి చేసి చల్లబరిచి చూసిందీ ఇదే.

సున్నా దిగాక చిక్కు మొదలవుతుంది. అద్దం మీద మసక నీటి పొరా, గడ్డకట్టిన పలుకులా? నీరు సున్నా దిగినా కొంతసేపు గడ్డకట్టకుండా ఉండగలదు. నీటి పొర మీద మైనస్ 20 చూపించిన గ్యాసే, పలుకుల మీదైతే మైనస్ 18 దగ్గర చూపిస్తుంది. ఏదో తెలియకుండా రాసుకుంటే నీటి లెక్కలో దాదాపు అయిదో వంతు తేడా వచ్చేస్తుంది. అందుకే ఈ రంగంలో నీటి పొరకి డ్యూ పాయింట్, పలుకులకి ఫ్రాస్ట్ పాయింట్ అని రెండు మాటలున్నాయి. మన ‘మంచు’ ఆ రెండిటినీ మింగేస్తోంది.

నా సలహా: నీరైతే ‘చెమర్చే స్థానం’, గడ్డకడితే ‘పేరుకునే స్థానం’. పేరిన నెయ్యి అంటాం కదా, ఆ పేరుకోవడమే.

మరొకరు:
చెమర్చడం కళ్ళకీ అరచేతులకీ కదండీ! యంత్రానికి అతకడం లేదు. ‘తేమ శాతం’ అంటే రైతుకి కూడా తెలుసు, అది చాలదా?

జవాబు:
చల్లనీళ్ళ గ్లాసుకి చెమట పట్టిందని ఇంట్లో అందరం అంటాం. ఆ నీళ్ళు గాలిలోంచి వచ్చినవే. కాబట్టి మాట మనదే, కొత్తగా పుట్టించింది కాదు.

తేమ శాతం మాత్రం వద్దు. వడ్ల కొనుగోలు కేంద్రంలో 17 శాతం అంటే గింజ బరువులో నీరెంతో చెప్పడం. గ్యాసులో సంగతి వేరు. మామూలు వాతావరణ పీడనంలో మైనస్ 40 అంటే పది లక్షల భాగాల్లో సుమారు 127 భాగాల నీటి ఆవిరి. మైనస్ 60కి 11, మైనస్ 80కి అర భాగం. శాతంలో రాస్తే దశాంశం తర్వాత సున్నాలు లెక్కపెట్టుకుంటూ కూర్చోవాలి.

ఇంకో మెలిక పీడనం. 7 బార్ల గేజి పీడనం (బయటి గాలి కన్నా 7 బార్లు ఎక్కువ) ఉన్న లైన్లో మైనస్ 40 చూపించిన గాలినే బయటికి వదిలి కొలిస్తే మైనస్ 57 దగ్గర చూపిస్తుంది. డ్రయర్ వాళ్ళు చెప్పే అంకె సాధారణంగా లైన్లోదే. కంప్రెస్డ్ ఎయిర్ శుభ్రతకి అంతర్జాతీయ ప్రమాణమైన ఐఎస్ఓ 8573-1లో రెండో తరగతికి పెట్టిన మైనస్ 40 హద్దు కూడా పీడనంలో కొలిచేదే. కాబట్టి మాన్యువల్లో ‘లైను పీడనంలో’ అన్న మాట వదలొద్దు.

నాకు నవ్వు తెప్పించేది ఏమిటంటే, ప్లాంటుల్లో ఎక్కువగా కనిపించే అల్యూమినియం ఆక్సైడ్ ప్రోబ్‌లో ఏదీ చెమర్చదు. సన్నని రంధ్రాల పొరలోకి ఆవిరి చేరితే కెపాసిటెన్స్ (విద్యుత్ ఆవేశాన్ని నిలవ ఉంచుకునే సామర్థ్యం) మారుతుంది, దాన్నిబట్టి మీటరు లెక్కకట్టి డిగ్రీల్లో చూపిస్తుంది. నీటిని పీల్చుకునే ఫాస్ఫరస్ పెంటాక్సైడ్ పూసిన సెల్ అయితే చిక్కిన నీటిని కరెంటుతో విడగొట్టి, ఆ కరెంటునే కొలుస్తుంది. పేరు మాత్రం అద్దం నాటిదే.

ప్రశ్న అడిగినవారు:
‘శాంపిల్ లైన్‌కి రబ్బరు గొట్టం వాడరాదు’ అన్న వాక్యానికి కారణం కూడా రాయాలి. ఎలా అంటే బాగుంటుంది?

జవాబు:
‘రబ్బరు గొట్టం గోడలోంచి బయటి చెమ్మ లోపలికి ఎక్కుతుంది, స్టీలు గొట్టమే వాడండి’ అనండి. లోపల పీడనం ఎక్కువున్నా ఎక్కుతుంది, ఎందుకంటే నీటి ఆవిరి తన వాటా తక్కువున్న వైపే పోతుంది. ఇక మీటరు తెర మీద ఎలాగూ డ్యూ పాయింట్ అనే ఉంటుంది గనక, మొదటిసారి వచ్చినచోట ‘డ్యూ పాయింట్, అంటే గ్యాస్ చెమర్చే స్థానం’ అని రాసి, తర్వాత డ్యూ పాయింట్ అనే వాడుకోండి. అలారం పేజీలో మాత్రం ‘గాలిలో చెమ్మ పెరిగింది, డ్రయర్ చూడండి’ అని నేరుగా చెప్పేయండి.